మట్టి కార్డు కింద నా చేతిరాత

ఖమ్మం అంచున ఉన్న నా క్లస్టర్‌లో, అంటే నాకు అప్పగించిన ఊళ్లలో, ఇప్పుడు పైరుకంటే హద్దురాళ్లే ఎక్కువ. పొద్దున స్కూటీ మీద బయలుదేరితే ఒక పత్తి చేను, దాన్ని ఆనుకుని జెండాలు పాతిన ప్లాట్లు, ఆ తర్వాత ఒక మిర్చి తోట, దాని పక్కన ఫంక్షన్ హాలు. నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. ఏ చేలో ఏ పంట ఉందో నమోదు చేయడం, రైతు వేదికలో మీటింగులు పెట్టడం, పురుగు పడిందంటే వెళ్లి ఆకు తిప్పి చూడడం నా పని. ఇక్కడ ప్రతి గజానికీ పట్టా ఉంది. మట్టి పరీక్ష చేయించుకోండి అంటే మాత్రం "ఎందుకు మేడం, వచ్చే ఏడు ఈడ చేనే ఉండదు" అంటారు. నవ్వుతూనే అంటారు. నాకు నవ్వు రాదు.

అలా అన్న ప్రతిసారీ చర్ల అవతల ఉన్న ఒక చేను గుర్తొస్తుంది. గుర్తొస్తుంది అంటే చాలదు. నాకు దాని మీద బెంగ. పుట్టిన ఊరి మీద కూడా ఇంత బెంగ లేదు. మాది వేంసూరు వైపు, బుద్ధి పుట్టిన రోజు బస్సెక్కి పోయి సాయంత్రానికి రావచ్చు. ఆ చేనుకు అలా వెళ్లలేను. దూరం ఒక కారణం, మొహం చెల్లకపోవడం రెండో కారణం. వాగు పక్కన, మూడు దిక్కులా అడవి ఉన్న ఆ పోడు చేనుకు పట్టా లేదు. దాన్ని దున్నుకునే ఒక తాత, ఒక అవ్వ ఆ పట్టా కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ల దరఖాస్తు పై ఆఫీసులో ఆగి ఉంది. ఆగింది నేను రాసిన ఒక్క వాక్యం వల్ల.

అది నా మొదటి పోస్టింగు. ఆర్డరు చేతికొచ్చిన రోజు మా ఇంట్లో అందరూ మొహాలు వేలాడేశారు. నేను మాత్రం మండిపడ్డాను. నాకు కోపం ముందు పుట్టింది, తర్వాత నేను పుట్టానని మా అమ్మ అంటుంది. చర్లలో గది కిరాయికి తీసుకుని, రోజూ పోలీసు క్యాంపు దగ్గర బండి ఆపి, ఎవరు, ఎక్కడికి, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి, కంకర లేచిన రోడ్డు మీద పోయేదాన్ని. కల్వర్టు దాకా స్కూటీ. అక్కణ్నుంచి నడక. మొదటి నెలంతా బదిలీ దరఖాస్తులో ఏం రాయాలా అని ఆలోచిస్తూ నడిచాను.

ఆ యేడు తొలకరి మంచిగా పడింది. రాయితీ విత్తనాలు నేనే దగ్గరుండి పంచాను. వారం తర్వాత వెళ్లి చూస్తే ఊళ్లో ఒక్కరు కూడా విత్తలేదు. విత్తనాల పండుగ కాలేదట. ఇంటింటి విత్తనం పెద్దమనిషి దగ్గరికి చేరాలి, పూజ జరగాలి, తిరిగి ఇంటింటికీ పంచాలి, అప్పుడు గాని గింజ నేలలో పడదు. పదును ఆరిపోతోందని నేను ఊరి మధ్య నిలబడి అరిచాను. అందరూ మర్యాదగా విన్నారు. చివర్లో ఒక బక్కపలచటి ముసలాయన లేచి, "భూమికి చెప్పకుంట ఎట్లేస్తం బిడ్డా? నీ ఇంటికి ఎవరన్న చెప్పకుంట వస్తే నువ్వు గిట్లనే అరుస్తవ్ కదా" అన్నాడు. ఊరంతా నవ్వింది. నేను బ్యాగు తీసుకుని విసవిసా నడిచి వచ్చేశాను.

ఆయనే ఆ తాత. నా మొదటి శత్రువు, తర్వాత ఆ ఊళ్లో నాకున్న ఒకే ఒక చుట్టం.

పండుగ రోజున ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి నా స్కూటీని ఆపారు. వచ్చే పోయే వాళ్లను ఆపి ఏదో ఒకటి పుచ్చుకోవడం ఆ పండుగలో వాళ్ల హక్కు. ఏమీ ఇవ్వను, డ్యూటీలో ఉన్నాను అన్నాను. తాడు చివర పట్టుకున్న ఒక అవ్వ నా టిఫిన్ డబ్బా వైపు చూపించింది. ఇచ్చేశాను. అందరూ తలా ఒక ముద్ద పులిహోర తిని, ఉప్పు ఎక్కువైందని తేల్చి, డబ్బా కడిగి ఇచ్చి తాడు దించారు. ఆ అవ్వ తాత భార్య అని మర్నాడు తెలిసింది. ఇద్దరూ తమలో తాము కోయ భాషలో మాట్లాడుకునేవాళ్లు. నాతో తాత ఎడతెగకుండా తెలుగులో మాట్లాడేవాడు. అవ్వ మాట్లాడేది కాదు. నేను వెళ్లినప్పుడల్లా ఇంత జావ పోసి ముందు పెట్టి, తన పనిలోకి తను పోయేది.

వాళ్ల చేను నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. జొన్న, కంది, బొబ్బర, మొక్కజొన్న అన్నీ ఒకే చేలో. గట్టు మీద చిక్కుడు పాదు. వరసలు లేవు, కొలతలు లేవు. చూడగానే ఒళ్లు మండింది, ఇదేం సాగు అని. రెండో నెలకే అర్థమైంది, ఆ చేలో ఎప్పుడు పోయినా తినడానికి ఏదో ఒకటి ఉంటుంది. మా వైపు మిర్చి చేలో మధ్యాహ్నం ఆకలేస్తే బిస్కెట్ ప్యాకెట్ కోసం రోడ్డెక్కాలి.

రెండో యేడు మట్టి పరీక్షల పని వచ్చింది. పరీక్ష అయ్యాక ఎవరి చేనుకు వాళ్లకు ఒక కార్డు ఇస్తామని ఊళ్లో చెప్పగానే అందరికంటే ముందు తాత లేచాడు.

"కార్డు మీద నా పేరుంటదా?"

"ఉంటుంది తాతా."

"చేను యాడ ఉన్నదో ఉంటదా?"

"ఉంటుంది."

"సర్కారు ముద్ర?"

"అదీ ఉంటుంది. అసలు నీ మట్టిలో ఏముందో ఉంటుంది. అది అడగవేం?"

"మట్టిల ఏమున్నదో నాకెరుకేనాయె" అన్నాడు.

అప్పుడే నాకు అర్థం కావాల్సింది. పట్టా లేని మనిషికి తన పేరూ తన చేనూ ఒకే కాగితం మీద ఉండడం ఎంత పెద్ద సంగతో నాకు సగమే తట్టింది. ఆయనకు భాస్వరం, పొటాష్ అక్కర్లేదు. ఈ నేల నీది అని సర్కారు ఏ రూపంలో చెప్పినా చాలు.

మట్టి తీయడానికి వెళ్లిన రోజు ఆయన నన్ను చేలో మంచి మంచి చోట్లకే తీసుకుపోయాడు. సంబంధానికొచ్చిన వాళ్లకు ఇల్లు చూపించినట్టు చూపించాడు. అలా కాదు తాతా, అడ్డదిడ్డంగా పది చోట్ల తీయాలి, మంచీ చెడూ అన్నీ కలవాలి అని కసిరాను. జానెడు లోతు గుంట తీసి, గోడ నుంచి పలచగా మట్టి గీకి, గోనె పట్టా మీద పోసి కలిపాం. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు పారబోశాం. మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు చేసి, అర కిలో మిగిలేదాకా అలాగే. పారబోసిన మట్టిని ఆయన దోసిట్లో ఎత్తి, తీసిన గుంటల్లోనే తిరిగి పోసి వచ్చాడు. పదింటికి పది గుంటలూ.

సర్వే నంబరు లేని మట్టిని ల్యాబ్ తీసుకోనంది. నేను పోయి కొట్లాడాను. నాకు బాగా వచ్చిన పని అది. మట్టికి నంబరు తెలుసా, మొక్కకు తెలుసా అని అరిచేసరికి, అక్కడున్న పెద్ద వయసాయన విసిగిపోయి, పెట్టి పో తల్లీ అన్నాడు. సర్వే నంబరు గడిలో "వాగు పక్క చేను" అని రాసి పెట్టాను.

ఫలితం చూసి నేనే నమ్మలేదు. సేంద్రియ కర్బనం, అంటే మట్టిలో కుళ్లిన ఆకూ అలమూ ఇచ్చే బలం, మా వైపు పొలాల్లో ఎన్నడూ చూడనంత ఉంది. అంత బలం ఎక్కణ్నుంచి వస్తుంది? చదువుకున్నదాన్ని కదా, జవాబు చటుక్కున దొరికింది. అడవి నేల. చెట్లు కొట్టి ఎన్నో యేళ్లు అయి ఉండదు. కార్డు అడుగున అధికారి అభిప్రాయానికి రెండు గీతల చోటు ఉంటుంది. అందరూ ఖాళీగా వదిలేస్తారు. నేను వదల్లేదు. నా దస్తూరీ బాగుంటుందని చిన్నప్పటి నుంచీ పేరు. గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: "కొత్తగా అడవి కొట్టిన భూమి. కర్బనం ఎక్కువ. ఎరువుల మోతాదు సగానికి తగ్గించవచ్చు." ఎరువు ఖర్చు తప్పించానని మురిసిపోయాను కూడా.

తాతకు చదువు రాదు. కార్డు రెండు చేతులా అందుకుని, పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. దాని మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు. మర్నాడే చర్ల పోయి ప్లాస్టిక్ తొడుగు వేయించుకొచ్చాడు.

ఒకసారి అటవీ శాఖ వాళ్లు పోడు అంచున కందకం తవ్వడానికి మిషన్‌తో వచ్చారట. ఈయన ఎదురుపోయి కార్డు చూపించాడు. వాన ముంచుకొచ్చి మిషన్ దిగబడి వాళ్లు వెనక్కి పోయారని ఊళ్లో వాళ్లు చెప్పారు. తాత లెక్క వేరు. "ఆ సారు చదివి నా చేతికే తిరిగిచ్చిండు బిడ్డా. చింపలే, పారెయ్యలే" అని నాకు నాలుగుసార్లు చెప్పాడు. అది పట్టా కాదు తాతా అని చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఊరందరి మీదా లేచే నా నోరు సరిగ్గా అవసరమైన చోట పడిపోయింది.

నాలుగో యేడు బదిలీ వచ్చింది. నేను అడిగిందే. పాప బడికి పోయే వయసు, మా ఆయన ఉద్యోగం ఖమ్మంలో. అన్నీ సరైన కారణాలే. చివరి రోజు చేనుకు వెళ్తే చిక్కుడు పాదు కాయలతో నిండుగా ఉంది. అవ్వ ఒక్క కాయ కూడా కోయలేదు. కొత్త పంటకు పండుగ కానిదే వాళ్లు నోట్లో పెట్టరు. "పండుగైనంక రా, కోసిస్త" అంది. ఆ నాలుగేళ్లలో ఆమె నాతో అన్న పెద్ద మాట అదే. వస్తాను అన్నాను. వెళ్లలేదు. మొదటి నెల ఇల్లు సర్దుకోవడం, రెండో నెల పంట నమోదు, ఆ తర్వాత సిగ్గు. ఇప్పటికీ ఖమ్మం మార్కెట్లో చిక్కుళ్లు బేరం చేస్తూ చేస్తూ నా మనసు ఎటో పోతుంది. తూకం వేసే ఆమె రెండుసార్లు పిలుస్తుంది.

రెండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం రైతు వేదికలో ఉండగా తాత ఫోన్ చేశాడు. పోడు భూములకు పట్టాల కోసం దరఖాస్తులు తీసుకుంటున్నారని నాకు తెలుసు. చట్టంలో ఒక గడువు తేదీ ఉంది. దానికి ముందు నుంచీ సాగు చేస్తున్నవాళ్లకే పట్టా. ఊరి కమిటీ పెద్దల సాక్ష్యం తీసుకుని తాత పేరు ఒప్పుకుంది. "నీ కాయితం గూడ పెట్టిన బిడ్డా. అన్నిటికంటే మీద పెట్టిన" అన్నాడు.

మిగతాది ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది. పై ఆఫీసులో ఎవరో ఆ రెండు గీతలు చదివారు. వ్యవసాయ అధికారే స్వయంగా కొత్తగా కొట్టిన భూమి అని రాశారు కదా, పాత సాగు ఎట్లా అవుతుందని ఫైలు పక్కన పెట్టారు. వాళ్లనేమీ అనలేను. రాసింది నేను.

"నువ్వు రాసిన కాడ ఏందో తప్పు పడ్డదంట. జర సరిజేస్తవా?" అన్నాడు తాత. ఒక అక్షరం పోయింది, దిద్దివ్వు అన్నట్టు అడిగాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. నేను మూలనున్న ఎరువుల పోస్టర్ వైపు తిరిగి ఏడ్చాను. మళ్లీ ఇటు తిరిగేసరికి రైతులు టీ గ్లాసులు పట్టుకుని మర్యాదగా బయటికి పోయారు.

ఆ వారమే సెలవు పెట్టాను. ఇంట్లోనే కూర్చుని పై ఆఫీసుకు ఉత్తరం రాసుకున్నాను. మూడుసార్లు దిద్ది, తెల్ల కాగితం మీద ఎత్తి రాసి, కింద సంతకం, హోదా, అన్నీ పెట్టాను. భద్రాచలం దాకా బస్సు, అక్కణ్నుంచి చర్లకు ఇంకో బస్సు, ఆటో, ఆ కల్వర్టు, ఆ నడక. వాగు దాటగానే తడి మట్టి వాసన వచ్చింది. అంత తప్పు చేసి వస్తూ కూడా, ఆ వాసనకు నాకు సంతోషం కలిగింది. ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండేది అనిపించింది. సిగ్గులేకపోతే సరి.

తాత, అవ్వ చేను దగ్గర గుడిసె ముందే ఉన్నారు. తాత మంచం వాల్చాడు. అవ్వ జావ తెచ్చి పెట్టి, పక్కన చేటలో కందులు చెరుగుతూ కూర్చుంది. నేను ముందుగా క్షమాపణ చెప్పాలనుకున్నాను. దానికి బదులు కాగితం తీసి చదివాను.

"సదరు భూమి కొత్తగా కొట్టినదని నేను పొరపాటున రాసినాను. సదరు రైతు అనేక సంవత్సరాలుగా సదరు భూమిని సాగు చేయుచున్నాడని ఇందుమూలంగా తెలియజేయడమైనది."

తాతకు తెగ నచ్చింది. "మంచిగున్నది బిడ్డా, గట్టిగున్నది" అన్నాడు.

చేట చప్పుడు ఆగింది. అవ్వ తల ఎత్తకుండానే అడిగింది. "అనేక అంటే ఎన్ని?"

"చాలా అవ్వా. చాలా యేళ్లు."

"నీకెట్ల ఎరుక?"

గడువు తేదీకి ముందు నుంచీ అని నాకు తాత ఫోన్లో చెప్పాడు, అంతే.

"ముందుగాల కొత్త భూమని రాసినవ్. అది నీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు అవ్వా. మట్టిలో బలం ఎక్కువ కనిపించింది. అడవి కొట్టిన నేలకే అంత బలం ఉంటుందని..."

అవ్వ చేట పక్కన పెట్టి లేచింది. రమ్మని చెయ్యి ఊపి చేలోకి నడిచింది. నేను వెనకాలే పోయాను. మధ్యలో ఒక చోట వంగి, పిడికెడు మట్టి తీసి నా చేతిలో పోసింది. నల్లగా, మెత్తగా, పొడిపొడిగా ఉంది.

"మేం వచ్చిన్నాడు ఇది గులకరాయి. పార దిగకపోయేది. ఎండకాలమంతా వాగొడ్డున చెట్ల కింద కుళ్లిన ఆకు తట్టల ఎత్తి మోసుకొచ్చి పోసిన. పొద్దున ఒక ఏడు తట్టలు, ఎండ తగ్గినంక ఇంకిన్ని. పెద్దపిల్ల కడుపుల ఉన్నప్పుడు మొదలుపెట్టిన. దానికి ఇప్పుడు పిల్ల పెండ్లికొచ్చింది. పోయిన ఎండకాలం గూడ మోసిన. అడవి ఇచ్చిన బలం కాదు ఇది. నా నెత్తి మీదికెళ్లి వచ్చింది."

ఆమె నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు. తెలుగు స్పష్టంగా వచ్చు. నాలుగేళ్లు ఆమె చేతి జావ తాగి, ఆమెకు అంతగా రాదనుకున్నాను.

"మట్టిని పది చోట్ల అడిగినవ్. నన్నొక్కతాన గూడ అడగకపోతివి. ఇయ్యాల మళ్ల అడగకనే రాస్కొచ్చినవ్. అండ్ల ఆయన ఒక్కడే ఉన్నడు" అంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

నిర్లక్ష్యం కాదవ్వా అని చెప్పబోయాను. కాకపోతే ఏమిటి? అడగాలని నాకు అసలు తట్టనే లేదు. ఆ మాటే చెప్పాను. తట్టలేదవ్వా, తప్పైపోయింది అన్నాను. ఏడుపు ఆగలేదు.

అవ్వ కొంగుతో తన చేతి మట్టి తుడుచుకుని గట్టు మీద కూర్చుంది.

"ఏడ్సుడు తర్వాత. ఇప్పుడు నేను చెప్త, రాస్కో" అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. సంతకం పెట్టి తెచ్చిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, వెనక్కి తిప్పి, మొదటి వరసలో ఆమె పేరేమిటో అడిగాను.